పొడుగు బోల్టు, పొట్టి బోల్టు

మొదటి గుండు డ్రైవర్ సాంబయ్య మెడకు తగిలింది.

సప్పుడు తర్వాత ఇనబడ్డది.

సాంబయ్య తలకాయ స్టీరింగ్ మీద వాలింది. జీపు రోడ్డు దిగింది... టేకు కొమ్మలు... బండలు... మళ్ళ టేకు కొమ్మలు... హెడ్‌లైట్లు ఒక్క క్షణం ఆకాశం దిక్కు లేచి ఆరిపోయినయి.

జీపు బోర్లా పడ్డది!

హెడ్ కానిస్టేబుల్ దేవదాస్ కండ్లు తెరిచేసరికి నోటినిండ మన్ను. నెత్తురు. కుడిచెయ్యి లేపబోయిండు. మెడ కింది బొక్క ఇరిగి కిర్రుమన్నది. కండ్ల ముందర తెల్లగ మెరుపు.

పెట్రోలు వాసన.

రెండో గుండు జీపు రేకును చీల్చుకొని పోయింది.

"జమేదార్ సాబ్..."

జీపు కింద నుంచి గొంతు. ఖైదీ మొగిలి. బేడీల గొలుసు సీటు కింది ఇనుప కడ్డీకి కట్టి ఉంది. బయలుదేరేటప్పుడు ఆ గొలుసు కట్టింది దేవదాసే.

"సాబ్, తాళం తియ్యి. పెట్రోలు కారుతుంది."

దేవదాస్ ఎడమ చేతితోని జేబు తడిమిండు. తాళంచెవి దొరికింది.

చెయ్యి ఆగింది.

వీడు తోడబుట్టిన అన్నను కాల్చినోడు.

ఠాణాల అందరి మాట అదే. అన్న తోమాసు ఫారెస్ట్ గార్డు. వారం కింద కడెం వాగు ఒడ్డున వీపుల గుండు దిగి సచ్చిపోయిండు. తమ్ముడు మొగిలి షికారీ. వేటకొచ్చే పెద్దమనుషులకు పులి జాడలు చూపెట్టి బతికేటోడు. వాని ఇంట్ల రైఫిల్ దొరికింది. అన్నదమ్ములకు పొలం గట్టు కాడ లొల్లి ఉన్నదని ఊరంత ఎరుక. ఇంకేం కావాలె?

నిన్న తోమాసు పెండ్లాం ప్రేమమ్మ లాకప్ కాడికొచ్చి మొగిలి మొఖం మీద ఉమ్మింది. మొగిలి తుడుచుకోలే. దేవదాస్ పక్కనే నిలబడి చూసిండు. జాలి పడలే. ప్రేమమ్మను ఆయన మెతడిస్టు చర్చిల ఏండ్ల నుంచి చూస్తుండు. గొంతెత్తి మాట్లాడని మనిషి ఆమె. అటువంటి మనిషి ఉమ్మింది.

మూడో గుండు!

అద్దం ముక్కలు దేవదాస్ చెంపను కోసినయి.

ఆయన వంగిండు. తాళం తిప్పిండు. గొలుసు ఊడింది.

"ఉరుకు. ఆ వాగు దిక్కు."

మొగిలి ఉరకలే. వెనక్కి తిరిగి, ఒరిగిన సీటు సందుల చెయ్యి పెట్టి గోనె మూట గుంజిండు. లక్క ముద్రలు వేసిన మూట అది. కోర్టుకు పోవాల్సిన సాక్ష్యం. లోపల మొగిలి ఇంట్ల దొరికిన రైఫిల్.

"అది ఇటు తే." దేవదాస్ గద్దించిండు.

మొగిలి మూట ఆయన చేతిల పెట్టిండు. బేడీల చేతులతోనే ఆయన నడుము పట్టుకొని వాగులకు గుంజుకపోయిండు.

ఎండిన వాగు. మనిషెత్తు బండలు. అడుగున తడి ఇసుక.

ఇద్దరు ఒక బండ వెనక పడ్డరు.

పైన గుట్ట మీద సప్పుడాగింది.

చలి. మంచు పొగ. ఆదిలాబాద్ కోర్టు తెరిచేసరికి చేరుకోవాలని చీకటితోనే బయలుదేరిండ్రు. తోడు రావాల్సిన జవానుకు చలిజ్వరం. ఉట్నూరు ఘాటు దాటితే అయిపాయె అనుకున్నడు దేవదాస్. ఇప్పుడు సాంబయ్య లేడు. తన పోలీసు రైఫిల్ జీపు కింద రెండు ముక్కలు. కుడిచెయ్యి పిడికిలి పట్టుకోనిస్తలేదు.

తూర్పు దిక్కు ఆకాశం బూడిద రంగు తిరుగుతుంది.

జర్రసేపట్ల తెల్లారుతది. తెల్లారితే గుట్ట మీదోనికి వాగు మొత్తం కనబడతది.

"జమేదార్..."

పై నుంచి గొంతు. నోటికి గుడ్డ కట్టుకున్నట్టు మొద్దుగ ఉంది.

"జమేదార్, నీతోని నాకు లొల్లి లేదు. ఖైదీని ఆడ ఇడిచిపెట్టు. మూటను ఆడ పెట్టు. నువ్వు రోడ్డెక్కి పో. ఖైదీ పారిపోతుండె, కాల్చిన అని చెప్పుకో. నీకు మెడల్ గూడ ఇస్తరు."

మొగిలి ఆయన మొఖం దిక్కు చూస్తుండు. బతిమాలుతలేడు. చూస్తుండు, గంతే.

పోవచ్చు. నిజంగనే పోవచ్చు. ఇంట్ల పెండ్లాం రిబ్కమ్మ ఉన్నది. ఇద్దరు ఆడపిల్లలు ఉన్నరు. అన్నను చంపినోని కోసం సచ్చే అవసరం ఏమున్నది?

కానీ ఒక మాట గొంతుల ముల్లు లెక్క గుచ్చుకుంది.

ఖైదీ మీద పగ ఉంటే ఖైదీని అడుగుతరు.

మూట ఎందుకు?

దేవదాస్ పండ్లతోని లక్క ముద్ర కొరికిండు. తాడు తెంపిండు. గోనె విప్పిండు.

రైఫిల్. ఒక సంచిల ఐదు నిండు తూటాలు... రైఫిల్ తోని కలిపి మొగిలి ఇంట్ల దొరికినయి. ఇంకొక చిన్న రేకు డబ్బా. అండ్ల ఒక్క ఖాళీ తూటా... తోమాసు శవానికి కొద్ది దూరంల గడ్డిల దొరికిన ఇత్తడి గొట్టం.

"ఈ రైఫిల్ నీదేనా?"

"నాదే. లైసెన్సు ఉన్నది. వేటకొచ్చే తెల్లదొర, గోరా సాబ్ ఇచ్చిండు."

"ఈ ఖాళీ తూటా?"

"నాది కాదు సాబ్."

"అందరు గట్లనే అంటరు."

"నేను చెప్పుడెందుకు. పక్కపక్కన పెట్టి చూడు."

దేవదాస్ ఒక నిండు తూటా తీసిండు. అరచేతిల ఖాళీ దాని పక్కన నిలబెట్టిండు. మసక వెలుగు. కండ్లు చికిలించిండు.

మందం ఒకటే. అడుగు వెడల్పు ఒకటే.

పొడుగు ఒకటి కాదు!

నిండు తూటాల ఇత్తడి ఎక్కడ ఆగిపోయి గుండు మొదలైతదో... ఖాళీ గొట్టం అది దాటి, గుండు పొడుగుల సగానికి మించి పైకి వచ్చింది.

దేవదాస్ రైఫిల్‌ను మోకాళ్ళ నడుమ పెట్టి ఎడమ చేతితోని బోల్టు తెరిచిండు. ఖాళీ గొట్టాన్ని లోపల పెట్టి తోసిండు.

పోలే.

మళ్ళ తోసిండు. అరచేతితోని గుద్దిండు.

వేలు మందం బయటనే ఆగింది. బోల్టు మూసుకుంటలేదు.

"పట్టది సాబ్. ఎంత గుద్దినా పట్టది," మొగిలి గుసగుసగ అన్నడు. "గోరా సాబ్ దగ్గర రెండుండె. ఒక్క కంపెనీయే, ఒక్క తీరే. దూరం నుంచి చూస్తే కవలపిల్లలు. గుండు మందం గూడ ఒక్కటే. పెద్దదాని తూటా పొడుగు. తూటా పొడుగైతే అది పట్టే కడుపు పొడుగుండాలె. కడుపు పొడుగైతే బోల్టు గూడ అంత వెనక్కి గుంజాలె. ఇది చిన్నది. దీని తూటా పొట్టి, కడుపు పొట్టి, బోల్టు ఇట్ల గుంజి అట్ల తోస్తే అయిపాయె. దానిది దీంట్లకు రాదు."

"ఈ మాట ఠాణా అమీన్ సాబుకు చెప్పలేదా?"

"చెప్పిన. అన్న ఒంట్లకెల్లి తీసిన గుండు నీ తుపాకి నళికకు సరిపోయింది గదరా అన్నడు. రెండు తుపాకుల నళికలు ఒక్కటే సాబ్, పొడుగే తేడా అన్న. కొట్టిండు. మళ్ళ చెప్పిన. మళ్ళ కొట్టిండు. ఇగ చెప్పలే."

దేవదాస్ ఆ ఇత్తడి గొట్టం దిక్కు చూస్తుండు. ఇన్ని రోజులు డబ్బాల మూతపెట్టి ఉంది. ఒక్కరు... ఒక్కరన్న పక్కన ఇంకో తూటా పెట్టి చూడలే.

హైదరాబాద్‌ల పరీక్షకు పోతే అక్కడ తప్పకుండ చూస్తరు. అందుకే మూట కావాలె వానికి.

"పెద్దది ఎవనికిచ్చిండు గోరా సాబ్?"

మొగిలి గుట్ట దిక్కు గడ్డం లేపిండు.

"నోటికి గుడ్డ కట్టుకుంటే నాకు ఎరుకపడదా? లక్ష్మీరాజం. ఆయన బంగళల్నే గోరా సాబ్ దిగేది."

టేకు కంట్రాక్టర్ లక్ష్మీరాజం. పెద్దపల్లిల కట్టె కోత మిషను. ఠాణాల కుర్చీ వేసి కూసోబెట్టే మనిషి. తోమాసు శవం లేపిన నాడు తన సొంత లారీ ఇచ్చి పంపిన మనిషి!

"మా అన్న ఆయన లారీ ఆపిండు," మొగిలి అన్నడు. "ముద్ర లేని టేకు. ఇడిచిపెట్టుమంటే ఇడిచిపెట్టలే."

పైన రాయి దొర్లింది.

లక్ష్మీరాజం దిగుతుండు.

దేవదాస్ కండ్లు మూసి తెరిచిండు. కుడిచెయ్యి లేదు. ఎడమ చేతితోని రైఫిల్ నిలబడదు. కాల్చగలిగినోడు ఇక్కడ ఒక్కడే ఉన్నడు. వాని చేతులకు బేడీలున్నయి.

ఖైదీ చేతికి తుపాకి ఇస్తే... నౌకరి పోతది. జైలైతది. వాడు తననే కాల్చి పోతే అది గూడ అయితది.

ఆయన తాళంచెవి తీసిండు.

బేడీలు విప్పిండు.

"మొగిలీ. కాలు మీద కొట్టాలె. నేను చెప్పినంకనే కొట్టాలె. వాడు నాకు పాణంతోని కావాలె. వాడు కోర్టుల నిలబడి నోరు తెరిస్తేనే నువ్వు బయటపడుతవు. సమజైందా?"

"నిన్ను సావనియ్య సాబ్."

"ప్రభువు పేరు మీద చెప్పు."

"ప్రభువు పేరు మీద. నిన్ను సావనియ్య."

మొగిలి తూటాలు నింపిండు. బోల్టు తోసిండు. ఖట్. చిన్న సప్పుడు. గడ్డి పరక ఇరిగినట్టు. పక్క బండ వెనక ఎండు టేకు ఆకుల కిందికి జారిండు. రెండు అడుగులు వేసినంక మనిషి ఉన్నడో లేడో తెలుస్తలేదు.

దేవదాస్ ఖాళీ గోనెను ఇసుకతోని నింపి మూట కట్టిండు. లేచి నిలబడ్డడు. ఎడమ చెయ్యి పైకి లేపిండు.

"కాల్చకు. మూట తెస్తున్న. ఖైదీ సచ్చిపోయిండు. జీపు కింద నలిగిండు."

పొగమంచు. కొంగ ఒకటి అరుసుకుంట పోయింది.

తర్వాత పొదల్లకెల్లి మనిషి వచ్చిండు. తలకు మఫ్లరు. ఖాకీ కోటు. చేతిల పొడుగు రైఫిల్. మఫ్లరు కిందికి జరిపిండు. ఇగ మొఖం దాచుకునే అవసరం లేదన్నట్టు.

ఆ ఒక్క పనితోని దేవదాసుకు సమజైంది. తనను గూడ పోనియ్యడు.

"ఆడ పెట్టు జమేదార్."

దేవదాస్ వంగి మూట ఇసుకల పెట్టిండు.

"వెనక్కి జరుగు."

జరిగిండు. ఒక అడుగు. ఇంకో అడుగు. తను అడ్డం లేకుండ మొగిలికి లక్ష్మీరాజం సూటిగ కనబడాలె. ఇంకో అడుగు...

లక్ష్మీరాజం కాలితోని మూటను తన్నిండు. గోనె ఇప్పుకుంది.

ఇసుక!

ఇద్దరు ఒకరి కండ్లల్లకు ఒకరు చూసుకున్నరు.

లక్ష్మీరాజం రైఫిల్ లేపిండు. కాల్చిండు.

దేవదాస్ చెవి పక్కన నిప్పు గీత. తలకాయ గింగిరాలు తిరిగింది. వెల్లకిలా పడ్డడు. చెవులల్ల ఈల. మెడ మీద వెచ్చగ కారుతుంది. చెవిల ఒక తునక లేదు... కానీ పాణం ఉంది.

లక్ష్మీరాజం బోల్టు గుంజిండు. ఖాళీ గొట్టం ఎగిరి పడ్డది. బోల్టు తోసిండు. ముందుకొచ్చిండు. రైఫిల్ మూతి దేవదాస్ ఛాతీ మీదికి దించిండు.

"మంచిగ చెప్తే ఇనకపోతివి."

ట్రిగ్గర్ నొక్కిండు.

టక్.

అంతే. ఉత్త టక్!

లక్ష్మీరాజం రైఫిల్ దిక్కు చూసిండు. నమ్మలేనట్టు చూసిండు.

"మొగిలీ, కొట్టు," దేవదాస్ ఒర్రిండు.

ఆకుల కిందికెల్లి మంట లేచింది.

లక్ష్మీరాజం కుడి మోకాలు ఇరిగి ఇసుకల కూలిండు. పొడుగు రైఫిల్ అవతల పడ్డది. అడవి అంత మోగి, మళ్ళ సల్లబడ్డది.

మొగిలి లేచి వచ్చిండు. నడుము కాడ రైఫిల్. నడకల తొందర లేదు.

దేవదాస్ పాకుకుంట పోయి ముందుగాల పొడుగు రైఫిల్ అందుకున్నడు. దాని మీద మోకాలు వేసి బోల్టు తెరిచి చూసిండు. నళిక ఖాళీ. కానీ కింద మ్యాగజైన్‌ల మూడు తూటాలు మెరుస్తున్నయి. పైదానికి గీత గూడ పడలే.

"తూటాలున్నయి. మరి పేలలేదేంది?"

"బోల్టు మొత్తం గుంజలే సాబ్," మొగిలి అన్నడు. "పొడుగుది గద. ఖాళీ గొట్టం ఎగిరి పడ్డంక అయిపోయిందనుకున్నడు. అప్పటికింక బోల్టు తూటా వెనకకు రానే రాలే. మీది మీదికెల్లి పోయి మూసుకున్నది. ఉత్త దాన్నే కొట్టిండు."

దేవదాస్ బోల్టును ఎడమ చేతితోని గుంజిండు. ఇంక వచ్చింది... ఇంక వచ్చింది... అప్పుడు గాని తూటా పైకి లేవలే. లేచిన ఇత్తడి మీద పొద్దు వెలుగు పడ్డది.

బొటనవేలు వెడల్పు అంత దూరం. గంతే. గంత దూరంల తను బతికిండు.

ఆయనకు నవ్వొచ్చింది. ఎందుకో తెల్వదు. నవ్వుతుంటే భుజం గుంజింది.

"నన్ను కాల్చకుండ్రి," లక్ష్మీరాజం మోకాలు పట్టుకొని మూలుగుతుండు. "జమేదార్, నన్ను దవాఖానకు తీస్కపో. అన్ని ఒప్పుకుంట."

"తోమాసును ఎవరు చంపిండ్రు?"

"నేనే."

"గట్టిగ."

"నేనే చంపిన. లారీ ఇడిచిపెట్టుమన్న. ఇడిచిపెట్టలే. పైకి రాసి పంపుత అన్నడు. మొగిలికి సంబంధం లేదు. చాలునా?"

చాలు.

దేవదాస్ ఇసుకల కూలబడ్డడు. మనిషి దొరికిండు. తుపాకి దొరికింది. ఖాళీ తూటా ఉంది. నోటిమాట ఉంది. ఇంతకంటె పక్కా కేసు తన నౌకరిల చూడలే. ముందుగాల ముగ్గురు రోడ్డెక్కి ఏదన్న లారీ ఆపాలె. సాంబయ్య పెండ్లాంకు కబురు చెప్పాలె, అది కష్టం. తర్వాత ప్రేమమ్మ ఇంటికి పోవాలె. అమ్మా, నీ మరిది కాదు అని తనే నోటితోని చెప్పాలె. ఆమె ఏడుస్తది. మొగిలి ఆ గడప తొక్కుతడు...

"ఏమన్నడు?"

మొగిలి గొంతు. మెల్లగ.

లక్ష్మీరాజం తలెత్తిండు. "ఎవరు?"

"మా అన్న. సచ్చేముందు ఏమన్నడు?"

"నాకేం తెలుసు..."

"వీపుల తగిలిన మనిషి వెంబడే సావడు. నువ్వు దగ్గరికి పోయినవు. అన్న కోటు జేబులు తిరగేసి ఉండె. నువ్వే దేవులాడినవు. ఏమన్నడు?"

లక్ష్మీరాజం దేవదాస్ దిక్కు చూసిండు. దేవదాస్ ఆపలే. ఆయనకు గూడ ఇనాలని ఉంది. అదే ఆయన చేసిన తప్పు.

"నీళ్ళు అడిగిండు," లక్ష్మీరాజం అన్నడు.

"ఇచ్చినవా?"

లక్ష్మీరాజం మొఖం తిప్పుకున్నడు.

"పక్కనే వాగుండె గద," మొగిలి అన్నడు. కోపం లేదు ఆ గొంతుల. నిజంగనే తెల్వక అడిగినట్టు అడిగిండు. "చేతితోని ముంచి పోసినా సరిపోతుండె."

లక్ష్మీరాజం తల దించుకున్నడు.

ఖట్-ఖట్.

ఎంత చిన్న సప్పుడు! ఎంత చిన్న గుంజుడు! దేవదాస్ తల తిప్పేసరికే పొట్టి బోల్టు వెనక్కి పోయి ముందుకొచ్చి మూసుకున్నది.

"మొగిలీ, వద్దు... వాడు పోతే నువ్వు..."

పేలింది!

టేకు చెట్లల్ల పిట్టలన్ని ఒక్కసారి లేచినయి.

లక్ష్మీరాజం ఇసుకల మొఖం పెట్టి పడి ఉన్నడు. కదలలే.

పైన రోడ్డు మీద లారీ ఏదో ఆగింది. తలకిందులైన జీపును చూసినట్టున్నరు. మనుషుల కేకలు. వాగు దిక్కు దిగుతున్న అడుగుల సప్పుడు.

మొగిలి రైఫిల్‌ను దేవదాస్ కాళ్ళ కాడ పెట్టిండు. మెల్లగ, పసిపిల్లను పండబెట్టినట్టు. ఆయన ముందర మోకాళ్ళ మీద కూసున్నడు. రెండు మణికట్లు దగ్గరికి చేర్చి చాపిండు.

"బేడీలు ఎయ్యి జమేదార్ సాబ్," అన్నడు. "గీ ఒక్కటి నేనే చేసిన."